టెకీలా, సోడా, నిమ్మకాయ: గ్యాస్ పోకుండా ఇంట్లో కలపడం ఎలా?

ముందు మీ ప్రశ్న. బావగారు అమెరికా నుంచి వస్తూ మెక్సికో మందు టెకీలా ఒక సీసా తెచ్చారు. లేత తేనె రంగు, లేబుల్ మీద ‘రెపొసాదో’ అని ఉంది. పోయిన శనివారం బ్రాడీపేటలో మీ మేడ మీద తియ్యటి కూల్‌డ్రింక్ పోసి కలిపితే పాకంలా తగిలింది. మామూలు సోడాతో కలిపితే రెండు గుక్కలకే గ్యాస్ పోయి చప్పబడింది. వచ్చే శనివారం ఆరుగురు వస్తున్నారు. ఖరీదైన సామాన్లు కొనకుండా చల్లగా, తేలిగ్గా ఉండే డ్రింక్ ఎలా చేయాలి? టెకీలా తాగితే తలనొప్పి రాదంటారు, నిజమేనా?

నేను హైదరాబాద్, విజయవాడ హోటళ్లలో 16 ఏళ్లు బార్ కౌంటర్ వెనక పనిచేశాను. మీరు రాసినదాన్ని బట్టి సీసాలో లోపమేమీ లేదు. సోడా చల్లగా లేదు, కలిపిన వరస సరిగ్గా లేదు. ఈ రెండూ సరిచేసుకుంటే చాలు.

ఈ డ్రింక్ రుచి మీకు తెలియనిదేం కాదు. ఎండాకాలం సాయంత్రం గుంటూరులో ఏ సోడా బండి దగ్గరైనా ఉప్పు నిమ్మకాయ సోడా తాగే ఉంటారు. అమెరికాలో టెక్సాస్ పడమటి వైపు, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా, పశువుల రాంచ్‌లు ఉండే ఎడారి ప్రాంతంలో ‘రాంచ్ వాటర్’ అని ఒకటి తాగుతారు. టెకీలా, నిమ్మరసం, గ్యాస్ గట్టిగా ఉండే మినరల్ వాటర్, అంతే. వాళ్లు ఎక్కువగా వాడే టోపో చికో నీళ్లను మెక్సికోలోని మాంటెరేలో 1895 నుంచి సీసాల్లో నింపుతున్నారు. మన బండి సోడాలో 45 మి.లీ. టెకీలా పడితే దాదాపు అదే డ్రింక్.

నిమ్మకాయ కూడా చుట్టమే. మన పల్చటి తొక్క నిమ్మ, మెక్సికో వాళ్లు వాడే చిన్న నిమ్మ ఒకే జాతి. పుట్టింది ఆసియాలో, అరబ్బుల చేతుల మీదుగా స్పెయిన్‌కి, అక్కడి నుంచి సముద్రం దాటి అమెరికా ఖండానికి వెళ్లింది. కానీ మీరు చూసే వీడియోల్లో కనిపించే పెద్ద నిమ్మ వేరు. దానికి గింజలుండవు, తొక్క మందం, పులుపు కాస్త తక్కువ. వాళ్లు ‘సగం కాయ’ అంటే మన లెక్కలో ఒక కాయ. తెనాలి మార్కెట్ నుంచి వచ్చే పండు నిమ్మ దొరికితే ఇంకేం వెతకొద్దు. పచ్చిగా, గట్టిగా ఉన్నవి వదిలేసి, పసుపు తిరిగి, వేలితో నొక్కితే కాస్త మెత్తగా తగిలేవి ఏరుకోండి.

ఇక గ్యాస్. అసలు విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సోడాలో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత గ్యాస్‌ను పట్టుకుంటాయి. మంచు చల్లదనంలో ఉన్న నీళ్లు, 25 డిగ్రీల నీళ్లకంటే రెట్టింపుకు పైగా గ్యాస్ పట్టుకోగలవు. మే నెలలో మన ఇళ్లలో బయట పెట్టిన సోడా 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. మూత తీయగానే సగం ప్రాణం అక్కడే పోతుంది. అంత వేడి సోడా ఐస్ మీద పోస్తే ఐస్ కరిగి నీళ్లవుతుంది, సోడా మాత్రం మళ్లీ బతకదు. అందుకే సోడా సీసాలు ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాలి. డోర్‌లో కాదు, లోపల వెనక వైపు. డోర్ తీసినప్పుడల్లా వేడిగాలి తగిలేది అక్కడే. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, గడ్డకట్టి సీసా పగులుతుంది. టెకీలాకి ఆ భయం లేదు. ఇంటి ఫ్రీజర్ చల్లదనానికి 40 శాతం ఆల్కహాల్ గడ్డకట్టదు, కొంచెం చిక్కబడుతుంది అంతే. దాన్ని మధ్యాహ్నమే ఫ్రీజర్‌లో పెట్టేయండి.

రెండోది గరుకుదనం. బుడగ పుట్టడానికి ఒక ఆధారం కావాలి. ఉప్పు రవ్వ, నిమ్మ పీచు, ఐస్ మీద పేరుకున్న తెల్లటి మంచుపొడి, ఏదైనా సరే. బండి అతను సోడాలో ఉప్పు వేయగానే నురగ గ్లాసు అంచు దాకా పొంగుతుంది కదా, ఆ పొంగంతా బయటికి పోతున్న గ్యాసే. బండి దగ్గర అదే సరైన పద్ధతి, ఎందుకంటే అక్కడే నిలబడి నిమిషంలో తాగేస్తాం. మేడ మీద కుర్చీ వేసుకుని అరగంట తాగే గ్లాసుకి అది పనికిరాదు. మీ సోడా రెండు గుక్కలకే చప్పబడటానికి కారణం దాదాపుగా ఇదే అయి ఉంటుంది. బండి రుచిని తీసుకోండి, వరస మాత్రం తిరగేయండి. ఉప్పు ముందు నిమ్మరసంలో పూర్తిగా కరగాలి, నిమ్మరసం వడకట్టాలి, సోడా అన్నిటికంటే చివర పడాలి.

ఒక గ్లాసుకి కొలతలు చెబుతాను. టెకీలా 45 మి.లీ., అంటే చిన్న పెగ్గున్నర. నిమ్మరసం 15 మి.లీ., ఇది మాములు టేబుల్‌స్పూన్ నిండా. ఉప్పు రెండు వేళ్లకు వచ్చినంత. సోడా 150 మి.లీ. పెగ్ కొలత లేకపోతే పిల్లల సిరప్ సీసాతో వచ్చే చిన్న మూతకప్పు శుభ్రంగా కడిగి వాడండి, దాని మీద మి.లీ. గీతలు ఉంటాయి. కంటి అంచనాతో పోయకండి. మొదటి గ్లాసు బాగా కుదిరి, మూడోది చేదెక్కేది ఈ అంచనాల వల్లే.

నిమ్మకాయ ఫ్రిజ్‌లో ఉంటే అరగంట ముందు బయట పెట్టండి. అరచేతి కింద పెట్టి, బల్ల మీద బరువేసి నాలుగైదు సార్లు దొర్లించాలి. తొడిమ పైన, మొన కింద ఉండేలా కాకుండా అడ్డంగా కోయండి, తొనలన్నీ తెగి రసం సులువుగా వస్తుంది. పిండేటప్పుడు ఆఖరి చుక్క కోసం తొక్కను మెలిపెట్టొద్దు. తెల్ల పొరలోని చేదు దిగేది అక్కడే. రసం ఆ పూట పిండినదే కావాలి. సీసాల్లో అమ్మే నిమ్మరసం ఈ డ్రింక్‌లో దాక్కోలేదు, మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. ఒక జాగ్రత్త: నిమ్మరసం అంటిన చేతులతో మేడ మీద ఎండలో తిరగొద్దు. నిమ్మ తొక్కలో, రసంలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి, బొబ్బలు వచ్చి నల్ల మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. కౌంటర్ వెనక కాయలు పిండి, ఆ చేతులతోనే మధ్యాహ్నం బండి మీద ఇంటికెళ్లిన కుర్రాడి చేతులు నేను చూశాను. సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది.

ఐస్ గురించి కూడా పట్టింపు ఉండాలి. ఫ్రిజ్‌తో వచ్చే ట్రేలోని చిన్న ముక్కలు మన ఎండకి పది నిమిషాలు ఆగవు. చిన్న స్టీలు గిన్నెల్లో నీళ్లు పోసి ముందురోజే గడ్డకట్టించండి. గ్లాసులో పట్టేంత పెద్ద ముక్క ఒకటో రెండో ఉంటే నెమ్మదిగా కరుగుతుంది. గ్లాసులో వేసేముందు ఐస్‌ను ఒక్కసారి చల్లటి నీళ్లలో ముంచి తీయండి. పైనున్న మంచుపొడి పోయి నున్నగా అవుతుంది. ఈ చిన్న పనికి సోడా ఎంత తేడాగా నిలబడుతుందో మీరే చూడండి. బయట అమ్మే పెద్ద ఐస్ దిమ్మ మాత్రం ఎంత సులువనిపించినా కొనొద్దు. చేపలకూ, సరుకు నిల్వకూ వాడే ఐస్‌ను తాగే నీళ్లతోనే చేయాలనేం లేదు.

ఇప్పుడు కలపడం. పొడవాటి గాజు గ్లాసు పావుగంట ఫ్రీజర్‌లో ఉంచి తీయండి. నిమ్మరసం, ఉప్పు వేసి చెంచాతో కరిగే దాకా తిప్పండి. టెకీలా పోయండి. ఐస్ వేసి ఒక పదిసార్లు తిప్పండి, గ్లాసు బయట చెమట పట్టడం కనిపిస్తుంది. అప్పుడు గ్లాసును కాస్త వంచి, లోపలి గోడ వెంట సోడా జారనివ్వండి. పైనుంచి ధారగా పోయొద్దు. చివరగా చెంచా అడుగుదాకా దించి, ఒక్కసారి నెమ్మదిగా పైకి లేపి తీసేయండి. అంతకుమించి కలపొద్దు. సోడా బరువుకే సగం కలిసిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటచిటలాడే శబ్దం వినిపించాలి, బుడగలు అడుగు నుంచి దారంలా పైకి రావాలి. పెద్ద పెద్ద బుడగలు గుంపుగా లేచి ఆగిపోతే సోడా ఇంకా చల్లబడలేదని అర్థం.

గోలీ సోడా వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. గోలీ సోడా అంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం. హైరామ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు 1872లో పేటెంట్ తీసుకున్న సీసా అది. లోపలి గ్యాస్ ఒత్తిడే గోలీని పైన రబ్బరు రింగుకి అదిమి మూతలా పట్టి ఉంచుతుంది. నీళ్లు శుభ్రమైనవని మీకు నమ్మకమున్న చోటు నుంచి తెస్తే హాయిగా వాడండి. కాకపోతే గోలీ దిగాక మళ్లీ మూయలేం, కాబట్టి ఒక సీసా తీస్తే ఆ సోడా వెంటనే గ్లాసుల్లో పడిపోవాలి. ప్లాస్టిక్ సీసా సోడా అయినా 750 మి.లీ.వి కొనండి, రెండు లీటర్లవి వద్దు. పెద్ద సీసా చివరికి వచ్చేసరికి నీళ్లే మిగులుతాయి.

గ్లాసు అంచుకి ఉప్పూ కారం పెట్టడం గుంటూరులో చేయకపోతే ఇంకెక్కడ చేస్తాం? కల్లుప్పు రెండు చెంచాలు రోట్లో ఒక్క దెబ్బ వేసి, అర చెంచా కారం కలపండి. ఇక్కడ జాగ్రత్త, ఇంట్లో కూరల్లోకి కొట్టించుకున్న కారం వద్దు. అందులో వెల్లుల్లి, ధనియాలు, మెంతులు ఉంటాయి, ఆ వాసన డ్రింక్ మొత్తాన్ని లాగేస్తుంది. వట్టి ఎండుమిరప పొడి, గుంటూరు సన్నం అయితే మరీ మంచిది. నిమ్మ చెక్కతో గ్లాసు అంచు బయటివైపు సగం మాత్రమే తడిపి, ఆ సగాన్నే పళ్లెంలో అద్దండి. మిగతా సగం ఖాళీగా ఉంటే ఎవరికి కావలసిన గుక్క వాళ్లు తాగుతారు. ఉప్పు రవ్వలు లోపలికి రాలితే ఏమవుతుందో పైన చెప్పాను.

మీ సీసా సంగతి. రెపొసాదో అంటే కనీసం 2 నెలలు ఓక్ చెక్క పీపాల్లో ఉంచినది, ఆ రంగు, ఆ లేత వెనిలా వాసన అక్కడివే. ఏడాది దాటితే అన్యెహో అంటారు. పీపాలో నిల్వ ఉంచకుండానో, కొద్ది రోజులే ఉంచో సీసాలో పోసే తెల్లటిది బ్లాంకో. సోడాతో కలపడానికి నేనైతే బ్లాంకోనే కొంటాను, పచ్చి ఆకు, మిరియం లాంటి వాసన సోడాలో బాగా తేలుతుంది. అయినా ఉన్న సీసా పక్కన పెట్టక్కర్లేదు. నిమ్మరసం ఒక రెండు మూడు మి.లీ. తగ్గించి, కమలా తొక్కను చిన్న ముక్క కోసి గ్లాసు మీద మడిచి నొక్కండి. కంటికి కనిపించీ కనిపించని నూనె తుంపర పైన పడుతుంది. రెపొసాదోకి అది చక్కగా జోడీ కుదురుతుంది.

లేబుల్ మీద ‘100% అగావే’ అని ఉందో లేదో చూడండి. ఉంటే మొత్తం చక్కెర నీలి అగావే మొక్క దుంప నుంచే వచ్చిందని అర్థం. ఆ మాట లేకపోతే 49 శాతం దాకా చెరకు లాంటి వేరే చక్కెర కలిసి ఉండొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. నాలుగు అంకెల ఎన్.ఓ.ఎం. నంబరు కూడా ఉంటుంది, అది ఏ డిస్టిలరీలో తయారైందో చెబుతుంది. టెకీలా అన్న పేరు మెక్సికోలోని హలిస్కో రాష్ట్రానికీ, మరో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాలకే చెందుతుంది. 1974 నుంచి ఆ పేరుకి చట్టబద్ధమైన రక్షణ ఉంది. సీసాలో పురుగు ఉంటుందన్న మాట మెస్కాల్ అనే మరో అగావే మందు సీసాలు కొన్నింటి సంగతి, టెకీలాది కాదు.

అగావే అంటే ఎక్కడిదో అనుకుంటాం కానీ, మన రైలు పట్టాల పక్కనా, చేల గట్ల మీదా ముళ్ల కత్తుల్లా పెరిగే కిత్తనార ఆ కుటుంబమే. మన చిత్తూరు జిల్లాలోనే డెస్మండ్ నజరెత్ అనే ఆయన డెక్కన్ పీఠభూమి అగావేతో సారా తీసి, 2011లో డెస్మండ్‌జీ పేరుతో అమ్మకానికి తెచ్చారు. మెక్సికోది కాదు కాబట్టి దాన్ని టెకీలా అనకూడదు, అగావే స్పిరిట్ అంటారు. ఎక్కడైనా దొరికితే ఇదే కొలతతో సోడాతో తాగి చూడండి, మన నేల మొక్క రుచి ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఈ మాట విని ఎవరూ కిత్తనారతో ఇంట్లో ప్రయోగాలు చేయకండి. దాని రసం ఒంటికి తగిలితే దురద, మంట పెడుతుంది, ఇంట్లో సారా కాయడం నేరం కూడా.

తలనొప్పి విషయం. టెకీలాకి రాదన్నది నిజం కాదు. ఏ మందులోనైనా ఆల్కహాల్ అదే, ఒంట్లో నీళ్లు లాగేసేదీ, నిద్ర చెడగొట్టేదీ అదే. పోయినసారి మీకు ఇబ్బంది తక్కువగా అనిపిస్తే, బహుశా తక్కువ తాగి ఉంటారు. నేను చెప్పిన గ్లాసులో 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం ఉండే 650 మి.లీ. పెద్ద బీరులో 25 గ్రాముల పైన ఉంటుంది. అంటే ఇవి రెండు గ్లాసులు ఒక పెద్ద బీరు కంటే కాస్త ఎక్కువే. ఐస్ కరిగాక కూడా ఇది స్ట్రాంగ్ బీరంత గాఢంగా ఉంటుంది, కానీ నిమ్మా సోడా ఆ ఘాటును కప్పేస్తాయి. మండే ఎండలో దాహానికి గటగటా తాగడం ఇక్కడే ప్రమాదం. దాహం ముందు మంచినీళ్లతో తీర్చుకుని, ఆ తర్వాతే గ్లాసు పట్టుకోవాలి. నా ఇంట్లో అయితే మనిషికి రెండు గ్లాసులు, మధ్యలో ఒక పెద్ద గ్లాసు నీళ్లు. షుగర్ మందులు, నిద్ర మాత్రలు, ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లుంటే డాక్టరును అడగకుండా పోయొద్దు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మకూడదు, మీ గుంపులో తమ్ముళ్లెవరైనా ఆ వయసులోపు ఉంటే గుర్తుపెట్టుకోండి. విజయవాడ నుంచి వచ్చేవాళ్లు రాత్రి తిరిగి బండి నడపాలనుకుంటే వాళ్లకు వట్టి నిమ్మ సోడాయే. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసు, మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. అయినా జరిమానా కంటే ముందు వాళ్ల ఇంట్లో ఎదురుచూసేవాళ్లు గుర్తుకు రావాలి.

ఆరుగురికి లెక్క ఇలా వేసుకోండి. మనిషికి రెండు చొప్పున 12 గ్లాసులు. సీసా 750 మి.లీ.ది అయితే అందులోంచి టెకీలా 540, వడకట్టిన నిమ్మరసం 180, ఉప్పు ముప్పావు చెంచా, అన్నీ ఒక జగ్గులో కలిపి, కరిగాక శుభ్రమైన గాజు సీసాలో పోసి సాయంత్రం నాలుగుకి ఫ్రిజ్‌లో పెట్టండి. నిమ్మకాయలు 15 దాకా పడతాయి, 18 కొనండి. రాత్రికి ఐస్ ఉన్న గ్లాసులో ఈ మిశ్రమం 60 మి.లీ., పైన సోడా 150. సోడా సీసాలు మూడు ఉండాలి, ఒకటి అయ్యాకే ఇంకోటి తీయాలి. ఇలా చేస్తే మీరు కూడా వంటింట్లో ఇరుక్కోకుండా మేడ మీద అందరితో కూర్చోవచ్చు.

తినడానికి ఉడకబెట్టిన వేరుశనగకాయలు, ఉప్పూ కారం చల్లిన పచ్చి మామిడి ముక్కలు. నూనె వంటలు కావాలంటే ఒక వాయి మిర్చి బజ్జీలు చాలు, ఎక్కువైతే నిమ్మ రుచి నాలుకకి అందదు. ఖాళీ కడుపుతో మాత్రం ఎవరినీ మొదలుపెట్టనివ్వకండి.

వినాయకచవితి రోజులకి మార్కెట్లో పంపర పనసలు వస్తాయి. అప్పటికి సీసాలో ఏమైనా మిగిలితే ఒక కాయ తెచ్చుకోండి. మెక్సికోలో గ్రేప్‌ఫ్రూట్ సోడాతో పలోమా అని చేస్తారు. ఆ గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే పంపర పనసకీ నారింజకీ కలిసిన సంకరంగా. తొనల మీది తెల్ల పొర ఓపిగ్గా ఒలిచేయండి, చేదంతా అందులోనే ఉంటుంది. లోపలి ముత్యాల్లాంటి గుజ్జును వేళ్లతో చిదిమి, రసం వడకట్టి 60 మి.లీ. తీసుకోండి. నిమ్మరసం 10 మి.లీ., టెకీలా 45, ఉప్పు అంతే, సోడా 100. ఎర్ర గుజ్జు కాయ దొరికితే రంగు కూడా లేత గులాబీలో వస్తుంది. మందు ముట్టనివాళ్లకు టెకీలా లేకుండా ఇదే గ్లాసు ఇవ్వండి. మా ఇంట్లో మా అమ్మకి అలాగే చేస్తాను, అంచుకి ఉప్పూ కారం ఆవిడే అడిగి మరీ పెట్టించుకుంటుంది.